బ్రీదర్ పైపు మూస్తే ఇంజన్ జబ్బు పోదు: ట్రాక్టరు పొగ, కొత్త నిబంధనలు, చిన్న రైతు జాగ్రత్తలు

ట్రాక్టరు ఇంజన్ మీద వాల్వ్ కవర్ నుంచి కిందికి వేలాడే చిన్న రబ్బరు పైపు గురించి విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల రైతులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. పైపులోంచి పొగ వస్తోంది, నూనె చుక్కలు పడుతున్నాయి. ఒకరు మూసేయమంటారు. ఇంకొకరు సీసా కట్టమంటారు. వేరొకరు ఎయిర్ ఫిల్టరు గొట్టంలోకి కలిపేయమంటారు. ఏది మంచిది?

ఈ ప్రశ్న ఇప్పుడే ఇంతగా రావడానికి కారణాలున్నాయి. ఫోన్లలో కార్ల వీడియోలు చూసి అవే మార్పులు ట్రాక్టరుకూ చేయించుకుంటున్నారు. పొగ నిబంధనలు కఠినమై కొత్త ట్రాక్టర్ల ఇంజన్లు మారుతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తది కొనేవాళ్లు పాతది అమ్మకానికి పెడతారు. ఆ పాత ట్రాక్టరు కొనేది ఎక్కువగా చిన్న రైతే. అమ్మేవాడు ఈ పైపును ఎలా సర్ది చూపిస్తున్నాడో తెలియకపోతే, కొన్న ఏడాదే ఇంజన్ దింపాల్సి రావచ్చు.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. ఆ పైపులోంచి వచ్చే పొగ ఇంజన్ లోపలి సంగతి చెబుతుంది. పైపును మారిస్తే ఆ సంగతి మీకు కనపడకుండా పోతుందే గాని ఇంజన్ బాగుపడదు.

ఆ పైపు పని ఏమిటి?

పిస్టన్‌కూ లైనరుకూ మధ్య రింగులు ఎంత బాగున్నా, కంప్రెషన్ జరిగినప్పుడూ డీజిల్ మండినప్పుడూ కొంత గాలి, పొగ కిందికి జారి నూనె ఉండే సంప్‌లోకి చేరతాయి. మన మెకానిక్కులు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొత్త ఇంజన్‌లోనూ ఇది కొద్దిగా ఉంటుంది. ఆ ఒత్తిడి బయటికి పోవడానికి కంపెనీ ఒక దారి పెడుతుంది. చాలా ట్రాక్టర్లలో అది వాల్వ్ కవర్ మీద, కొన్నింటిలో ఇంజన్ పక్కన ఉంటుంది. దాన్నే బ్రీదర్ అంటాం. వాల్వ్ కవర్‌ను ట్యాపెట్ కవర్ అని, హెడ్ కవర్ అని కూడా పిలుస్తారు.

బ్రీదర్ లోపల జాలీ గాని, అడ్డు రేకులు గాని ఉంటాయి. పొగతో పైకి వచ్చే నూనె తుంపర్లు వాటికి తగిలి, చుక్కలై తిరిగి కిందికి జారతాయి. మిగిలిన గాలి పైపు ద్వారా బయటికి పోతుంది. ఈ దారి మూసుకుపోతే ఒత్తిడి లోపలే పెరిగి, బలహీనంగా ఉన్న చోటు చూసుకుని బయటపడుతుంది. క్రాంక్ ఆయిల్ సీల్, వాల్వ్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ గేజ్ పుల్ల పెట్టే రంధ్రం, ఇలా ఎక్కడో ఒకచోట నూనె కారడం మొదలవుతుంది. క్లచ్ వైపు సీల్ పోతే నూనె క్లచ్ ప్లేటుకు తగులుతుంది. ఆ సీల్ మార్చాలంటే ట్రాక్టరును రెండుగా విడదీయాల్సిందే.

పొగ, నూనె ఎక్కువైతే: ముందు తేలికైన కారణాలు చూడండి

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఇంటి దగ్గరే చూసుకోగలిగినవి ఇవి.

1. నూనె మట్టం. ట్రాక్టరును చదునైన నేల మీద ఆపి, ఇంజన్ ఆపిన పది, పదిహేను నిమిషాల తర్వాత ఆయిల్ గేజ్ పుల్ల తీసి చూడండి. పై గీత దాటి ఉంటే క్రాంక్ ఆ నూనెను చిలికి తుంపర్లు లేపుతుంది. అదే బ్రీదర్ నుంచి వస్తుంది. ఎక్కువైన నూనె తీసేస్తే సరిపోతుంది.

2. మీరు పోయకుండానే మట్టం పెరగడం. ఇది ప్రమాద సూచన. నూనె పల్చబడి డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు గాని, డీజిల్ పంపు సీలు గాని, ఇంజెక్టరు గాని కారుతోందన్నమాట. నూనె పాల రంగులోకి మారితే నీళ్లు చేరినట్టు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇంజన్ నడపకండి.

3. బ్రీదర్ జాలీ. నూనె మడ్డి, దుమ్ము పట్టి జాలీ మూసుకుపోతుంది. విప్పి డీజిల్‌లో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. పైపు లోపల పురుగు గూడు కట్టిందేమో, ఎక్కడైనా మడత పడిందేమో చూడండి.

4. ఎయిర్ క్లీనరు. నూనె గిన్నె ఉన్న రకమైతే గిన్నెలో మట్టి ఎంత చేరిందో చూడండి. కాగితం ఫిల్టరైతే అది సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఎయిర్ క్లీనరుకూ ఇంజన్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం చిట్లినా, క్లిప్పు వదులైనా దుమ్ము నేరుగా సిలిండరులోకి పోతుంది. రింగులు, లైనర్లు తొందరగా అరగడానికి పెద్ద కారణం ఇదే.

ఈ నాలుగూ బాగుండి కూడా పొగ తగ్గకపోతే రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చు. టర్బో ఉన్న ఇంజన్ అయితే టర్బో సీల్ నుంచి కూడా ఒత్తిడి సంప్‌లోకి రావచ్చు. కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండరు చూడమని మెకానిక్‌ను అడగండి. గేజ్ పెట్టకుండా "ఇంజన్ దింపాలి" అంటే వెంటనే ఒప్పుకోకండి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక, నెమ్మదిగా తిరుగుతుండగా నూనె పోసే మూత విప్పి, బిగించకుండా రంధ్రం మీద ఊరికే ఉంచండి. నూనె చిమ్మవచ్చు, ముఖం దూరంగా పెట్టండి. మూత కొద్దిగా అదిరితే కంగారు లేదు. ఎగిరి పడితే బ్యాక్ కంప్రెషన్ ఎక్కువగా ఉంది. జాలీ శుభ్రం చేశాక కూడా అలాగే ఎగిరితే అనుమానం రింగుల మీదే.

మన ప్రాంతంలో దుమ్ము సంగతి

విశాఖ చుట్టుపక్కల ట్రాక్టరు దుక్కికి, దమ్ముకి మాత్రమే తిరగదు. వ్యవసాయం పని లేని నెలల్లో కంకర, ఇసుక, ఇటుక, మట్టి తోలకాలకు పోతుంది. క్రషర్ల దగ్గర రాతి పొడి, పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ రోడ్ల మీద బొగ్గు, ఇనుప ఖనిజం పొడి గాలిలో ఉంటాయి. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖపట్నం కూడా ఉంది. ఈ గాలి మనుషుల ఊపిరితిత్తులకు చేసే చెరుపే ఇంజన్ లైనరుకూ చేస్తుంది. రాతి పొడి సానరాయిలా రింగును అరగదీస్తుంది.

కాబట్టి తోలకాలకు తిరిగే ట్రాక్టరుకు మాన్యువల్‌లో రాసిన గంటల కంటే ముందే ఎయిర్ క్లీనరు శుభ్రం చేయాలి, నూనె మార్చాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ అమ్ముతున్నారు. అందులో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది. దీనివల్ల నూనెలో ఆమ్లం చేరడం తగ్గుతుంది, నిజమే. కానీ దుమ్ము, మసి తగ్గవు. "డీజిల్ మంచిది కాబట్టి నూనె ఇంకో వంద గంటలు నడుస్తుంది" అనుకోవద్దు.

చెరకు బండి క్యూలో ఉన్నప్పుడు, లోడింగ్ దగ్గర ఆగినప్పుడు గంటల తరబడి ఇంజన్ ఊరికే తిప్పడం కూడా మంచిది కాదు. లోడు లేకుండా చల్లగా తిరిగే ఇంజన్‌లో రింగులు లైనరుకు గట్టిగా ఒత్తుకోవు, మసి పేరుకుంటుంది. అయిదు నిమిషాలకు మించి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపేయండి.

బయట చేస్తున్న మార్పులు: ఏది సరి, ఏది కాదు

పైపు మూయడం, బోల్టు బిగించడం: ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. కారణం పైన చెప్పాను. మొదట సీళ్లు పోతాయి, తర్వాత నూనె పోతుంది, ఆ తర్వాత ఇంజన్ పోతుంది.

వాల్వ్ కవర్‌కు ఇంకో రంధ్రం వేసి రెండో పైపు పెట్టడం: లోపల అడ్డు రేకు లేని చోట రంధ్రం వేస్తే రాకర్ల మీద నుంచి ఎగిరే నూనె నేరుగా బయటికి వస్తుంది. రంధ్రం వేసేటప్పుడు రాలిన లోహపు పొడి లోపల పడితే బేరింగులకు ముప్పు. రెండో దారి అవసరమయ్యేంత ఒత్తిడి ఉందంటే అసలు లోపం రింగుల దగ్గర ఉంది.

పైపు చివర సీసా కట్టడం: నూనె నేల మీద, సైలెన్సరు మీద పడకుండా తాత్కాలికంగా పనికొస్తుంది. అయితే సీసా మూతకు గాలి పోయే రంధ్రం తప్పనిసరి. బిగుతుగా మూసిన సీసా కడితే పైపు మూసినట్టే. పైపు లావు బ్రీదర్ మూతి కంటే తగ్గకూడదు. మధ్యలో వంగి గుంటలా ఉండకూడదు, అక్కడ నీరు, నూనె నిలిచి దారి మూస్తాయి. సీసా సైలెన్సరుకు, మానిఫోల్డుకు దూరంగా ఉండాలి. సీసాలో చేరిన నూనెను మళ్లీ ఇంజన్‌లో పోయవద్దు. అందులో నీరు, మసి, ఆమ్లం ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఎంత నూనె చేరిందో రాసుకోండి. అది పెరుగుతూ పోతుంటే సీసా పెద్దది చేయడం కాదు, మెకానిక్‌కు చూపించాలి.

పైపును ఎయిర్ ఫిల్టరు గొట్టంలోకి కలపడం: కంపెనీ అలా అమర్చి ఇచ్చిన ఇంజన్లలో నూనెను వేరు చేసే ఏర్పాటు ముందే ఉంటుంది. అది లేకుండా బయట కలిపితే ప్రాణాపాయం. డీజిల్ ఇంజన్‌కు నూనె కూడా ఇంధనమే. రింగులు అరిగిన ఇంజన్‌లో నూనె తుంపర్లు గాలి దారిలోకి ఎక్కువగా పోతే, యాక్సిలరేటరుతో సంబంధం లేకుండా ఇంజన్ తనంతట తానే వేగం పెంచుకుంటుంది. డీజిల్ ఆపినా ఆగదు. చివరికి కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకును పగలగొట్టవచ్చు. అలా జరిగితే గాలి వచ్చే మూతిని చదునైన చెక్కతో గట్టిగా మూయడమే దారి. చేయి అడ్డు పెట్టవద్దు. దగ్గరికి పోలేకపోతే అందరినీ దూరంగా పంపండి.

ఆన్‌లైన్‌లో దొరికే ఒకవైపు వాల్వులు, కార్ల పీసీవీ వాల్వులు: ఇవి పెట్రోలు కార్లకు చేసినవి. 1960ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పొగమంచు సమస్య వల్ల కార్లకు ఈ వాల్వు రావడం మొదలైంది. పెట్రోలు ఇంజన్‌లో గాలిని త్రాటిల్ అడ్డుకుంటుంది కాబట్టి మానిఫోల్డులో పీల్చే శక్తి ఉంటుంది. ఆ శక్తే సంప్‌లోని పొగను లాగుతుంది. మన ట్రాక్టరు డీజిల్ ఇంజన్‌లో అలాంటి త్రాటిల్ ఉండదు, ఆ పీల్పు కూడా ఉండదు. కారు వీడియో చూసి ట్రాక్టరుకు ఆ వాల్వు పెడితే మిగిలేది అడ్డంకి మాత్రమే.

కొత్త నిబంధనలు ఏం మారుస్తున్నాయి?

ట్రాక్టర్ల పొగ ప్రమాణాలను ట్రెమ్ అంటారు. 50 హెచ్‌పి దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అమలు పలుసార్లు వాయిదా పడి 2023 జనవరి 1 నుంచి వచ్చింది. ట్రెమ్-5ను మొదట 2024 ఏప్రిల్‌కు అనుకున్నారు, తర్వాత 2026 ఏప్రిల్‌కు జరిపారు. ఇలాంటి తేదీలు జరుగుతూ ఉంటాయి గాని వెళ్లే దారి మాత్రం ఒకటే. కొనేముందు ఆ మోడల్ ఏ ప్రమాణం కిందికి వస్తుందో షోరూంలో అడిగి రాయించుకోండి.

ఎంత మార్పో ఒక్క లెక్క చాలు. 50 నుంచి 75 హెచ్‌పి మధ్య ఇంజన్‌కు పాత ట్రెమ్-3ఎ లో మసి పరిమితి కిలోవాట్ గంటకు 0.40 గ్రాములు. ట్రెమ్-4 లో 0.025 గ్రాములు. అంటే పదహారో వంతు. ఇంత తక్కువ మసికి ఇంజన్‌లో ఎలక్ట్రానిక్ డీజిల్ పంపింగు, పొగను కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వంటివి వచ్చాయి. ట్రెమ్-5 వస్తే 25 హెచ్‌పి పైబడిన ఇంజన్లకు సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరు కూడా అవసరమవుతుంది.

ఇక్కడే మన బ్రీదర్ పైపు విషయం వస్తుంది. నూనె తుంపర్లు ఈజీఆర్ మసితో కలిస్తే జిగురులా మారి గాలి దారిని మూస్తాయి. ఇంజన్ కాల్చే నూనె బూడిదై మసి ఫిల్టరులో చేరుతుంది. మసి వేడికి కాలిపోతుంది గాని ఆ బూడిద కాలదు. కాబట్టి కొత్త రకం ఇంజన్లలో మాన్యువల్ చెప్పిన గ్రేడు నూనెనే పోయాలి, బ్రీదర్ ఫిల్టరు ఉంటే చెప్పిన గంటలకు మార్చాలి. పాత ట్రాక్టరుకు వాడిన డబ్బాలో మిగిలిన నూనె ఇందులో పోయకూడదు.

చట్టం మాట కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని పడవచ్చు. దానికంటే ముందుగా తగిలే దెబ్బ వారంటీది. వారంటీలో ఉన్న ట్రాక్టరు వాల్వ్ కవర్‌కు రంధ్రం వేస్తే, రేపు ఇంజన్ పోయినప్పుడు కంపెనీకి "కాదు" అనడానికి కారణం మీరే ఇచ్చినట్టు.

50 హెచ్‌పి లోపు పాత తరం ఇంజన్ ఉన్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. మీ ట్రాక్టరుకు కొత్త పరికరాలు తగిలించమని ఈ నిబంధనలు చెప్పవు. ఇవి కొత్తగా తయారయ్యే వాటికే.

పాత ట్రాక్టరు కొనేటప్పుడు

- ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఎందుకో అడగండి.
- బ్రీదర్ పైపు చివర ఎక్కడుందో వెతకండి. పైపు కొత్తది, ఇంజన్ పాతది అయితే అనుమానించండి. పొగ కనపడకుండా ఛాసిస్ వెనక్కి తిప్పారేమో, సైలెన్సరు దగ్గరికి చేర్చారేమో చూడండి.
- వాల్వ్ కవర్ మీద అదనపు రంధ్రం, ఎం-సీల్ ముద్ద, వెల్డింగు మచ్చ ఉన్నాయేమో చూడండి.
- అరగంట నాగలి గాని రోటవేటరు గాని వేసి దున్నించి, తర్వాత మూత పరీక్ష చేయండి. ఊరికే రోడ్డు మీద నడిపి చూస్తే రింగుల సంగతి తెలియదు.
- నూనె మరీ చిక్కగా ఉంటే, పొగ కనపడకుండా చిక్క నూనె పోశారేమో అడగండి.
- మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే కూలి వృథా కాదు.

ఆయిల్ ఇంజన్ పంపుసెట్లకు

బావుల మీద, గెడ్డల దగ్గర వాడే సింగిల్ సిలిండరు ఆయిల్ ఇంజన్లలో చాలావాటికి బ్రీదర్‌లో పల్చని రేకు ఉంటుంది. పిస్టన్ దిగినప్పుడు అది తెరుచుకుని గాలిని వదులుతుంది, పిస్టన్ పైకి పోయినప్పుడు మూసుకుంటుంది. దీనివల్ల సంప్‌లో కొద్దిపాటి పీల్పు నిలిచి, నూనె సీళ్ల దగ్గర కారదు. ఆ రేకు మడ్డికి అతుక్కుపోయినా, విరిగినా ఇంజన్ నలుమూలలా నూనె కక్కుతుంది. రైతు ప్యాకింగులన్నీ మారుస్తాడు, కారడం ఆగదు. ముందు ఆ రేకు విప్పి కడగండి. ఎటు వైపు బిగించి ఉందో గుర్తు పెట్టుకుని మళ్లీ అటే బిగించండి.

తుపాను, ముంపు వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన సంగతి మనం మరిచిపోం. ముంపులో నిలిచిన ట్రాక్టరులోకి నీరు ఎయిర్ క్లీనరు నుంచే కాదు, కిందికి వేలాడే బ్రీదర్ పైపు నుంచి కూడా పోతుంది. మునిగిన ఇంజన్‌ను సెల్ఫ్ కొట్టకండి, తోసి స్టార్ట్ చేయకండి. ముందు సంప్ నూనె దించి నీరు చేరిందేమో చూడండి. దమ్ము చేసేటప్పుడు కూడా పైపు చివర బురదలో మునగకుండా ఎత్తున ఉండాలి.

వాడేసిన నూనె ఎక్కడికి?

సీసాలో చేరిన నూనె, మార్చిన నూనె కాలువలో, బావి దగ్గర, చెట్టు మొదట్లో పోయకండి. నీటి మీద పొరలా పరచుకుని అది చాలా దూరం పోతుంది. మట్టిలో పోస్తే అక్కడ ఏళ్ల తరబడి పంట సరిగా రాదు. వాడేసిన నూనెను తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టే నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మూత ఉన్న డబ్బాలో దాచి, నూనె కొన్న చోట గాని, సర్వీసు సెంటర్లో గాని తీసుకుంటారా అని అడగండి. ఊళ్లో పది మంది కలిసి ఒకే డ్రమ్ములో నింపితే కొనడానికి వచ్చేవాళ్లు కూడా ఉంటారు.

ఈ వారం మీరు చేయాల్సింది

ఒక చిన్న పుస్తకం ట్రాక్టరు టూల్ బాక్సులో పెట్టండి. అవర్ మీటరు గంటలు, నూనె పోసిన తేదీ, ఎంత పోశారు, బ్రీదర్ జాలీ ఎప్పుడు కడిగారు, ఈ నాలుగూ రాయండి. ఒక నూనె మార్పుకూ మరో నూనె మార్పుకూ మధ్య పెద్దగా పోయనక్కర లేకపోతే ఇంజన్ బాగున్నట్టే. వంద గంటలకు లీటరు దాటి పోస్తుంటే వాయిదా వేయకుండా చూపించండి. రింగుల దశలో పట్టుకుంటే రింగులతో పోతుంది. పైపుకు సీసాలు కట్టుకుంటూ రెండేళ్లు గడిపితే లైనర్లు, పిస్టన్లు, క్రాంకు వరకు వస్తుంది.

యంత్రాల నిర్వహణ నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి శిక్షణల వివరాలు మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. ట్రాక్టరు విడిభాగాల్లో చాలావాటి మీద కూడా జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అసలు భాగం కొని, బిల్లు తీసుకోండి. జాలీ, ప్యాకింగు, గాలి గొట్టం, క్లిప్పులు, ఇవన్నీ చిన్న ఖర్చులు. దుక్కులు మొదలు కాకముందే వీటిని సరిచూసుకుంటే, సీజను మధ్యలో ఇంజన్ దింపి అద్దె ట్రాక్టరు కోసం తిరగాల్సిన అవసరం రాదు.